డెబ్బై రెండో వంతు

మా వాడు హైదరాబాదు పోతూ అటకమీద వదిలేసిన సామాన్లలో విప్పని కిట్ ఒకటి ఉంది. మిగ్-21 బిస్ యుద్ధవిమానం, అసలు దానిలో డెబ్బై రెండో వంతు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెబుతుంటే టీవీలో చూసి ఆ పెట్టె దించాను. జగిత్యాలలో పాఠాలు చెప్పుకునే యాభై రెండేళ్ల ఆడదానికి ఇదేం పిచ్చి అనుకుంటున్నారా? మా ఇంట్లోనూ అదే అన్నారు.

అసలు విమానానికి రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 7.15 మీటర్లు. నా బల్లమీద పది సెంటీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ. రేకుల అతుకుల్ని చూపే గాడి 0.2 మిల్లీమీటర్లు ఉందనుకోండి, అసలు విమానంలో అది 14 మిల్లీమీటర్ల సందు. చిటికెనవేలు దూరుతుంది! అందుకని గాడుల్ని లప్పంతో నింపి, ఆరాక సూదిమొనతో సన్నగా మళ్లీ గీయాలి. గాలివేగం కొలవడానికి ముక్కుమీద పొడవాటి గొట్టం ఉంటుంది. 1971 యుద్ధంలో ఎగిరిన ఎఫ్.ఎల్. రకంలో అది నడిమధ్యన, బిస్‌లో కాస్త కుడికి. కిట్‌లో ఇచ్చిన ప్లాస్టిక్ పుల్ల మరీ లావు. కోసేసి కుట్టుసూది అతికించాను.

నాకు కావలసింది ఏదో ఒక మిగ్ కాదు. 2016 జూన్ 18న దుండిగల్‌లో మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా ముగ్గురు బయటికొచ్చారు. వాళ్లలో అవనీ చతుర్వేది 2018 ఫిబ్రవరి 19న జామ్‌నగర్‌లో ఒంటరిగా ఎగిరిన మిగ్-21 బైసన్ కావాలి. బైసన్ అంటే బిస్‌కే కొత్త హంగులు కూర్చింది. దానికి ముందద్దం ఒకే ముక్క. కిట్‌లో చట్రాలతో మూడు ముక్కలుగా ఉంది. ఆ చట్రాలు అరగదీసి, టూత్‌పేస్టుతో రుద్ది మెరుపు తెచ్చేసరికి మూడు ఆదివారాలు పట్టింది. పైలట్ బొమ్మను మాత్రం ముట్టుకోలేదు. హెల్మెట్టూ మాస్కూ పెట్టాక ఆడా మగా ఏం తెలుస్తుంది? సూచనల కాగితంలోనే అది 'అతను'.

ఈ సరదాలో నాకు కనబడినవాళ్లంతా మగవాళ్లే. అర మిల్లీమీటరు తేడా మీద గంటలు వాదించుకుంటారు. దాన్ని నైపుణ్యం అంటారు. కోరుట్లలో మా అమ్మ నలభై ఏళ్లు బీడీలు చేసింది. తడిపిన తునికాకు మీద రేకుముక్క పెట్టి కత్తెరతో కోస్తే వెయ్యి ఆకులూ ఒకటే కొలత. పొగాకు కాస్త ఎక్కువైతే లావు, తక్కువైతే డొల్ల. కార్ఖానాలో చెక్ చేసేవాడు రెండు వేళ్లతో నొక్కి పక్కకు పారేసేవాడు. వాటికి కూలీ లేదు, ఆ బీడీలు తిరిగి ఇచ్చేదీ లేదు. సిరిసిల్లలో మా అక్క సాంచెలకు కండెలు చుడుతుంది. చక్రాల కాళ్ల వెంట దిగే బ్రేకు గొట్టాలకు సన్నటి పోగు కావాలంటే, నాతో మాట్లాడుతూనే, కళ్లతో చూడకుండా వేళ్లతో నలిపి ఏరి ఇచ్చింది. సరిగ్గా సరిపోయింది. వీళ్లిద్దరి పనినీ నైపుణ్యం అన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు, నేనూ అనలేదు.

రంగు వేయకముందే కోరుట్ల తీసుకుపోయి అమ్మ చేతిలో పెట్టాను. తిప్పి చూసి, కడుపు కింద అతుకు మీద గోరు జరిపి, "గీడ మిట్టున్నది బిడ్డా" అంది. నేను భూతద్దంతో వెతికినా దొరకని మిట్ట.

"గివేనా, మస్తుగ కూలుతయంటరు?"

గివే. 2012 ఏప్రిల్ దాకా అన్ని రకాల మిగ్‌లూ కలిపి 482 ప్రమాదాలు, 171 మంది పైలట్లు, 39 మంది మామూలు జనం పోయారని పార్లమెంటుకే చెప్పారు. లెక్కలు అమ్మకెందుకని, 2023 మే 8 సంగతి చెప్పాను. రాజస్థాన్‌లో హనుమాన్‌గఢ్ జిల్లా ఊళ్లో మిగ్-21 ఒకటి ఇంటిమీద పడింది. పైలట్ బయటికి దూకి బతికాడు. చచ్చిపోయిన ముగ్గురూ ఆడవాళ్లే.

అమ్మ చాలాసేపు దాన్ని చేతిలోనే ఉంచుకుంది.

"మంచిగనే జేసినవ్ గని, ఇల్లేది మరి?"

విమానాన్ని నిలబెట్టడానికి రన్‌వేలా కనబడే అట్ట ఒకటి ముందే తెచ్చిపెట్టుకున్నాను. అది ఇంకా సంచిలోనే ఉంది. తొమ్మిదడుగుల గోడ 38 మిల్లీమీటర్లు వస్తుంది, గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి 22 మిల్లీమీటర్లు. అంతవరకు లెక్క వేశాను.