వీపు మీద అమ్మీ

మేము ముగ్గురం అక్కచెల్లెళ్లం. నల్లగొండ సాయిబుల పిల్లలం. బళ్లో పరుగుపందెం పెడితే గోడ పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవాళ్లం. అట్లాంటి మేము హైదరాబాదు పోయి నెక్లెస్ రోడ్డు మీద 5 కిలోమీటర్లు ఉరికి వచ్చాం. అమ్మీ కోసం.

అమ్మీకి రొమ్ములో గడ్డ లేచింది. ఏడాది దాచింది. నొప్పి లేదు కదా అనుకుంది. చాలాసార్లు ఆ గడ్డ మొదట్లో నొప్పి పెట్టదనీ, అదే దాని మోసమనీ మాకెవరికీ తెలీదు. తెలిస్తే మాత్రం? మగ డాక్టరుకు చూపించుకోవడం కంటే చావు నయమనుకునే ఇల్లు మాది. మా కంట పడేనాటికి చంకలోకి పాకింది.

పరుగు సంగతి వినగానే ఫుప్పీ "తౌబా తౌబా" అంది. "పోయినోళ్ల కోసం ఖురాన్ చదివిస్తారు, పేదలకింత పెడతారు. ఆడపిల్లలు రోడ్డెక్కి ఉరుకుతారా?"

చదివించాం. పెట్టాం. చెహెల్లుమ్ కూడా చేశాం. ఇన్ని చేసినా అమ్మీ దేనితో పోయిందో ఒక్క నోటా రాలేదు. "బీమారీ" అన్నారంతే.

ఆడది ఉరకగూడదా? బిడ్డ దాహం చూడలేక సఫా మర్వా గుట్టల మధ్య 7 సార్లు ఉరికింది హాజరా బీబీ కాదా? హజ్‌కు పోయిన ప్రతివాడూ ఆ తల్లి అడుగుల్లోనే నడవాలి కదా? (ఇప్పుడక్కడ పచ్చదీపాల మధ్య ఉరికేది మగవాళ్లు. ఆడవాళ్లు నడుస్తారు. అదింకో కథ.) 1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు, కాన్సర్‌కు ఒక కాలు పోతే కృత్రిమ కాలితో 143 రోజులు ఉరికాడు. మరుసటేడు చనిపోయాడు. ఇట్లాంటి పరుగులెన్నో అతని పేరు మీదే మొదలయ్యాయి. మాకు ఇద్దరూ కావలసినవాళ్లే.

వీపుకు తగిలించుకునే కాగితం మీద, ఎవరి జ్ఞాపకంగా ఉరుకుతున్నారో రాయమన్నారు. అబ్బా ఒప్పుకోలేదు. "మనింటి ఆడమనిషి పేరు బజార్న పడాలా?" మా పెళ్లి కార్డుల మీద కూడా ఆమె పేరు లేదు. చివరికి "అమ్మీ" అని రాశాం. చిన్నది మాత్రం అసలు పేరే రాసి, పైన చున్నీ కప్పుకుంది.

అక్కడ మా తలమీది గుడ్డలు చూసి ఒకావిడ ఫోను పట్టుకుని వచ్చింది. "మీవాళ్లు ఎట్లా ఒప్పుకున్నారు? ఎంత ధైర్యం!" మేము గడ్డ గురించి చెప్పబోతే ఆవిడ ముసుగు గురించే అడుగుతుంది. మా పక్కనే బొట్టు పెట్టుకున్న అమ్మాయి ఉంది. వాళ్లమ్మా ఇదే జబ్బుతో పోయిందట. వాళ్లమ్మా దాచిందట. వాళ్లింట్లో బుర్ఖా లేదు. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు.

నలుగురం కలిసే ఉరికాం. ఉరికామనడం ఎందుకు, సగం నడిచాం. పక్కటెముకల్లో పోటు. హుస్సేన్‌సాగర్ వాసన. మూడో కిలోమీటరు దగ్గర చిన్నదాని చున్నీ జారింది. అది సర్దుకోలేదు. మేమూ చెప్పలేదు. వెనకనించి ఎవరో ఆ పేరును పైకి చదివారు. చాలా ఏళ్ల తర్వాత ఒక పరాయి గొంతులో అమ్మీ పేరు విన్నాం.

ఇంటికొచ్చిన రాత్రి ఫుప్పీ వంటింట్లోకి వచ్చింది. తలుపు దగ్గరికేసింది. గిన్నెలు తోముతున్నట్టే తల వంచుకుని, "మీ అమ్మీకి ఆ గడ్డ ముందు ఎంతుండేదే?" అని అడిగింది.

సోమవారం మొదటి బస్సుకు నలుగురం బయల్దేరాం.