పద్నాలుగు గంటల సింగపూర్ కాల్షీట్

‘అందమైన అనుభవం’ చూశారా మీరు? 1979లో కె. బాలచందర్ తమిళంలోనూ తెలుగులోనూ ఒకేసారి తీసిన చిత్రం. కమల్ హాసన్, రజనీకాంత్, జయప్రద! ఎమ్మెస్ విశ్వనాథన్ సంగీతం. కథలో చాలా భాగం సింగపూర్‌లోనే నడుస్తుంది. ఇప్పుడు పాటకో దేశం తిరిగొస్తున్నారు గనుక మీకిది వింతగా తోచకపోవచ్చు. ఆ రోజుల్లో యూనిట్‌కు యూనిట్ సముద్రం దాటి ఔట్‌డోర్‌కు పోవడమంటే మాటలా మరి!

ఆ బొమ్మ మా గోదావరిఖనికి వచ్చేనాటికి మా బాపుకి పాతికేళ్లు. బొగ్గు బాయిలో కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. ఆ పనికి జోడీ ఉంటుంది. బాపు జోడీదారు ఆయన ఈడువాడే. మొదటి షిఫ్టు దిగి, ఒంటి నలుపు వదిలేదాకా స్నానం చేసి, ఇద్దరూ కలిసి ఫస్టు షో కొట్టేవారట. ఆ సినిమా నాలుగుసార్లు చూశారు. రజనీకాంత్ సిగరెట్ ఎగరేసి నోటితో అందుకునే పందెం ఉంటుందే, దాని కోసం రెండుసార్లు, సింగపూర్ కోసం రెండుసార్లు. “ఎప్పటికన్న పోవాల్రా ఈడికి” అని ఇంటర్వెల్‌లో సోడా తాగుతూ ఒట్టు వేసుకున్నారు. గనికార్మికుల ఒట్లు సోడా గ్యాసుతోనే పోతాయనుకోకండి. ఈ ఒట్టుకి నలభై అయిదేళ్ల పైన ఆయుష్షు పట్టింది.

మా అక్క మెల్‌బోర్న్‌లో ఉంటుంది. ఆమెను చూడ్డానికి బాపును తీసుకుపోవడం నా వంతైంది. టిక్కెట్లు వెతుకుతుంటే సింగపూర్ మీదుగా పోయే దారి ఒకటి దొరికింది. రాత్రి శంషాబాద్‌లో ఎక్కితే తెల్లవారి ఆరింటికి సింగపూర్. మళ్లీ విమానం రాత్రి ఎనిమిదింటికి. నడుమ పద్నాలుగు గంటలు! తక్కువ ఆగే టిక్కెట్టు కూడా ఉంది గాని నేను కావాలనే ఇది తీసుకున్నాను.

ఇక్కడ మీకు పనికొచ్చే ముక్క ఒకటి. మనవాళ్లు సింగపూర్ వెళ్లాలంటే వీసా ఉండాలి. అయితే ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్, కెనడా వంటి కొన్ని దేశాల వీసా చేతిలో ఉండి, దానికి కనీసం నెల గడువు మిగిలి, ముందుకు పోయే టిక్కెట్టు కూడా ఖాయమై ఉంటే, 96 గంటల దాకా వీసా లేకుండానే ఊళ్లోకి పోయి రావచ్చు. ప్రయాణానికి ముందు కంప్యూటర్లో ఒక అరైవల్ కార్డు నింపాలి. రానిచ్చేదీ మాన్పించేదీ మాత్రం ఇమిగ్రేషన్ అధికారే. చాంగీ విమానాశ్రయం వాళ్లు, మధ్యలో అయిదున్నర గంటలకు పైగా ఇరవై నాలుగు గంటల లోపు ఖాళీ ఉన్న ప్రయాణికులకు, ఊరి టూరు ఉచితంగానే వేస్తారు. రెండున్నర గంటలు. బస్సు, గైడు, నయాపైసా ఖర్చు లేదు.

మరి ఉచితం ఉండగా నేను కారు ఎందుకు మాట్లాడానంటారా? రెండు కారణాలు. మొదటిది బాపు మోకాళ్లు. బస్సు గుంపు ఆయన కోసం ఆగదు. రెండోది బాపు జోడీదారు. ఆయనకు షుగరు వచ్చి చూపు పోయి ఆరేళ్లు. మేం బయలుదేరే ముందు రోజు లక్ష్మీనగర్‌లో వాళ్లింటికి పోతే, మంచం మీద కూర్చుని బాపు చెయ్యి పట్టుకుని ఒకటే మాటన్నాడు. “సినిమాల ఎట్ల ఉండెనో అట్లనే ఉన్నదా, మంచిగ చూసి నాకు చెప్పాలె. నువ్వు చెప్తేనే నేను చూసినట్టు.” ఉచిత బస్సు కొత్త కొత్త మేడలు చూపిస్తుంది. మాకు కావలసింది 1979!

అద్దె కారూ, డ్రైవరే గైడూ. గంటకు 65 సింగపూర్ డాలర్లు. అయిదు గంటలకు 325. మన లెక్కలో ఇరవై ఒక్క వేల చిల్లర. బాపుకి వచ్చే పింఛన్ నెలకు పద్దెనిమిది వందలు. ఆయనకు లెక్కలు త్వరగా వస్తాయి. టబ్బుల లెక్కతో బతికిన మనిషి గదా. శంషాబాద్‌లో విమానం ఎక్కే ముందు ఈ సంగతి చెప్పాను.

“ఏడాది పింఛన్ ఒక్క పూటల కర్సువెడ్తవారా?”

అంతే. తర్వాత విమానంలో ఒక్క మాట లేదు. పెట్టిన ఉప్మా తినలేదు. చాంగీలో దిగాక, నడిచే పట్టాల మీద నిలబడి, అప్పుడు నోరు విప్పాడు.

“గా పైసలు వాపస్ రావా?”

“రావు బాపూ. ముందే కట్టిన.”

“అయితే నడువు. పైసలు పట్టినంక బాయిల దిగకుంట ఎట్ల?”

డ్రైవరు అరవై అయిదు దాటిన తమిళుడు. అక్కడే పుట్టి పెరిగాడు. తెలుగు రాదు. బాపుకి తమిళం రాదు. నా ఇంగ్లీషు ఇద్దరి మధ్య వంతెన. ఆయన మమ్మల్ని మెర్లయన్ చూస్తారా, సెంతోసా చూస్తారా, మరీనా బే చూస్తారా అని వరసగా అడుగుతున్నాడు. నేను సంగతి వివరిద్దామని నోరు తెరిచేలోపే బాపు ముందు సీట్లోంచి వంగి, రెండు వేళ్లు పెదాల దగ్గర పెట్టి, సిగరెట్ ఎగరేసి నోటితో అందుకున్నట్టు అభినయించాడు. ఒక్క క్షణం! డ్రైవరు స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టి “నినైత్తాలే ఇనిక్కుమ్!” అని కేక పెట్టాడు. అది తమిళంలో అదే చిత్రం పేరు. ఆయన దాన్ని సింగపూర్ థియేటర్లోనే చూశాడట, కుర్రతనంలో. ఇక ఆ పూట నా వంతెనతో వాళ్లకు పని పడలేదంటే నమ్మండి. కమల్ అంటే వేళ్లతో గిటారు. జయప్రద అంటే ఇద్దరూ ఒకేసారి గుండె మీద చెయ్యి.

చాంగీ నుంచి ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే. సముద్రం పక్కన చక్కటి రోడ్డు. చెట్లు, పూలు. డ్రైవరు ఒకచోట వేలు చూపించి చెప్పిన మాట నేను తర్జుమా చేశాను. “ఈ రోడ్డున్న చోట ఒకప్పుడు సముద్రమేనట బాపూ.”

బాపు నమ్మలేదు. నిజమే మరి. సింగపూర్ వాళ్లు తూర్పు తీరాన సముద్రాన్ని పూడ్చడం 1966లో మొదలుపెట్టారు. చాంగీ విమానాశ్రయంలో చాలా భాగం అలా పూడ్చిన నేల మీదే ఉంది. అది తెరిచింది 1981లో. అంటే బాలచందర్ యూనిట్ వచ్చినప్పుడు చాంగీ ఇంకా తయారవుతూనే ఉంది. ఆ రోజుల్లో సింగపూర్‌లో విమానం దిగాలంటే పాయా లేబార్ విమానాశ్రయమే. మేం దిగింది సినిమా వాళ్లు దిగిన చోటు కాదన్నమాట. మొదటి దెబ్బ!

రెండో దెబ్బ మెర్లయన్ దగ్గర తగిలింది. సింహం తల, చేప తోక, నోట్లోంచి నీళ్లు. ఎనిమిదిన్నర మీటర్ల పైచిలుకు ఎత్తు. దీన్ని 1972లో సింగపూర్ నది ముఖద్వారంలో పెట్టారు. తర్వాత 1997లో ఎస్‌ప్లనేడ్ వంతెన అడ్డం వచ్చి సముద్రం వైపు నుంచి కనబడకుండా పోయింది. 2002లో దాన్ని లేపి, 120 మీటర్ల అవతల ఇప్పుడున్న చోట నిలబెట్టారు. డ్రైవరు పాత చోటు చూపించాడు. ఖాళీ. బాపు విగ్రహాన్ని వదిలేసి ఆ ఖాళీ వైపే తిరిగి నిలబడ్డాడు. జనం అంతా అటు తిరిగి ఫొటోలు దిగుతుంటే మా బాపు ఒక్కడే ఇటు తిరిగి! ఎదురుగా మూడు మేడల నెత్తిన ఓడ పెట్టినట్టుండే మరీనా బే శాండ్స్, 2010లో వచ్చింది. అదీ పూడ్చిన నేల మీదే. బీచ్ రోడ్ అని ఒక వీధి ఉంది. పేరులోనే బీచ్! అక్కణ్ణుంచి ఇప్పుడు సముద్రం కనబడనే కనబడదు. ఒకప్పుడు అల వచ్చి తగిలేదట ఆ వీధికి.

మధ్యలో సెరంగూన్ రోడ్డులో భోజనం. అరిటాకు, సాంబారు, అప్పడం. అక్కడ మల్లెపూల వాసన, బంగారు కొట్లు, తమిళ పాటలు, ఇవన్నీ నేను వర్ణించి పేజీ నింపగలను గాని బాపు మనసు అక్కడ లేదు. అన్నం కలుపుతూ అడిగాడు.

“గింత మన్ను యాడికెల్లి తెచ్చిండ్రురా?”

మంచి ప్రశ్న. సింగపూర్ స్వతంత్రమైన నాడు దాని విస్తీర్ణం దాదాపు 580 చదరపు కిలోమీటర్లు. ఇప్పుడు 730 దాటింది. మొదట్లో ఊళ్లో ఉన్న గుట్టలు తవ్వి పోశారు. తర్వాత పొరుగు దేశాల నుంచి ఇసుక కొన్నారు. ఇండోనేషియా అమ్మి అమ్మి, తన నేల తరిగిపోతోందని 2007లో ఇసుక ఎగుమతి ఆపేసింది. ఇది నేను చెప్పగానే బాపు చెయ్యి ఆకు మీద ఆగిపోయింది.

“ఇసుకనా?”

ఈ మాట మా ఖని వాళ్లకు ఎందుకు తగులుతుందో చెప్పాలి. భూమి కింద బొగ్గు తీశాక అక్కడ గుహలాంటి ఖాళీ మిగులుతుంది. దాన్ని అలా వదిలితే పైకప్పు కూలుతుంది. అందుకని గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి గొట్టాల్లో లోపలికి పంపి ఆ ఖాళీ నింపుతారు. శాండ్ స్టోయింగ్ అంటారు. నీళ్లు వడిసిపోతాయి, ఇసుక గట్టిపడి ఉండిపోతుంది. బాపు కోల్ ఫిల్లర్‌గా చేసినన్నాళ్లు చేసి, ఆ తర్వాత చివరి పదకొండేళ్లు ఆ ఇసుక పనిలోనే ఉన్నాడు. జోడీదారు కూడా అందులోనే. ఆ తర్వాత ఓపెన్‌కాస్టులు వచ్చి, మా దిక్కు ఊళ్లకు ఊళ్లే లేచిపోయి, తవ్విన మట్టి గుట్టలై నిలబడింది. నేల చోటు మారడమనేది మాకు కొత్త కాదు లెండి.

సెంతోసా రద్దు చేశాం. నా జాబితాలో ఏడు చోట్లున్నాయి. చూసినవి మూడు. మిగిలిన గంటన్నర ఈస్ట్ కోస్ట్ పార్కులోనే గడిపాం. అదీ మనుషులు చేసిన తీరమే. కొబ్బరిచెట్ల కింద బెంచీ, ఎదురుగా వరసగా ఓడలు. డ్రైవరూ వచ్చి బాపు పక్కనే కూర్చున్నాడు. గంటకు 65 డాలర్ల మనిషి ఊరికే కూర్చుంటే నాకు ప్రాణం గిజగిజలాడింది గాని, బాపు ఆ ఊసే మరిచిపోయాడు.

జోడీదారుకు ఫోను కలిపాను. మనకంటే అక్కడ రెండున్నర గంటలు ముందు. ఖనిలో అప్పుడు పదకొండు. మనవరాలు ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

“ఏందిరా, ఎట్ల ఉన్నది? సినిమాల లెక్కనే ఉన్నదా?”

నాకు భయం వేసింది. ఉన్నదిరా, అట్లనే ఉన్నది అని బాపు ఒక్క అబద్ధమాడితే ముసలాయన సంతోషంగా పడుకుంటాడు. చూసి పట్టుకునే కళ్లు కూడా లేవాయె.

బాపు కాసేపు ఓడలకేసి చూశాడు. “లేదురా. ఏదీ లేదు. విమానం దిగే జాగ మారింది. సింహం బొమ్మ మారింది. సముద్రమే జరిగింది పో.”

“సముద్రం జరుగుడేందిరా?”

“మనం గోదారి ఇసుక బాయిల పోసి నింపలేదా? వీళ్లు సముద్రంల పోసి నింపిండ్రు. నేనిప్పుడు దాని మీదనే కూసున్న.”

అటునుంచి చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమోనని నేను ఫోను చూశాను. తెగలేదు.

“గట్టిగున్నదా?” అని అడిగాడు జోడీదారు.

బాపు లేచి, చెప్పు విప్పి, మడమతో రెండుసార్లు తొక్కి చూశాడు. “ఉన్నది. నీళ్లు మంచిగ వడిసినయ్.”

“మనదానికంటె సన్నమా, దొడ్డా?”

బాపు వంగి పిడికెడు ఇసుక తీసి వేళ్ల మధ్య నలిపాడు. “సన్నం. మనదాంట్ల మెరుపెక్కువ.”

ఆ ఇద్దరూ ఇంకో పది నిమిషాలు ఇసుక గురించే మాట్లాడుకున్నారు. గొట్టం ఎంత లావుండాలి, నీళ్లు ఎన్ని పాళ్లు, ఇంత దూరం ఎట్లా మోసి ఉంటారు. కమల్ హాసన్ ఊసు లేదు, రజనీకాంత్ ఊసు లేదు. చివర్లో జోడీదారే గుర్తు చేసుకుని “మరి జయప్రద?” అన్నాడు. బాపు పగలబడి నవ్వాడు. ఏమీ అర్థంకాని డ్రైవరు ఆ ఒక్క పేరు విని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

అయిదు గంటలూ అయిపోయాయి. డ్రైవరు మమ్మల్ని చాంగీలో దించి, బాపు చెయ్యి ఊపి, గాలిలోకి ఒక సిగరెట్ ఎగరేసి వెళ్లిపోయాడు. విమానాశ్రయానికి ఆనుకుని జ్యుయెల్ అని ఒక అద్దాల గోపురం ఉంది, 2019లో తెరిచారు. గోపురం నడినెత్తి నుంచి 40 మీటర్ల జలపాతం పడుతుంది. టిక్కెట్టు లేదు. బాపు తల పైకెత్తి చూసి, “ఈడ పైనుంచి నీళ్లు పడ్తే నిలవడి సూత్తుండ్రు. మా బాయిల పడ్తే ఒకటే ఉరుకుడు” అన్నాడు.

గేటు దగ్గర కూర్చున్నాక ఆయన చొక్కా జేబు బరువుగా కిందికి వేలాడుతుంటే గమనించాను. ఇసుక. కాగితంలో పొట్లం కట్టి పెట్టుకున్నాడు. జోడీదారు చేతిలో పెడతాడట.

“బాపూ, ఆస్ట్రేలియావోళ్లు మట్టి, విత్తనం ఏదీ దేశంలకు రానియ్యరు. జుర్మానా వేస్తరు.”

“ఎంత?”

“వందల డాలర్లల్ల ఉంటది.”

బాపు మనసులో ఏదో గుణించాడు. పింఛన్ నెలల్లోనే అయి ఉంటుంది. తర్వాత లేచి, మోకాలు పట్టుకుంటూ నడిచి వెళ్లి, కిటికీ పక్కన ఉన్న పూలకుండీలో పొట్లం విప్పి పోశాడు. పోసి, బొటనవేలితో రెండుసార్లు అదిమి వచ్చాడు.