మేము ఇచ్చిన మాత్ర

ఈ నెల మా పాదాన్ని గురించి వ్రాస్తున్నాము. సేవకుని పాదం అనగానే సువార్త మోసే పాదాలు అని మీరు అనుకోవచ్చు. అది కాదు. మా కుడి మడమలో పుట్టిన నొప్పిని గురించి, ఆ నొప్పికి మేము మ్రింగిన మాత్రను గురించి, ఆ మాత్రను ఇంకొకరి చేతిలో పెట్టిన సంగతిని గురించి.

నౌపడలో తెల్లవారుజామున ఐదు గంటలకు లేచినవారికి ఉప్పు మడుల వైపు పోయే రోడ్డు మీద పరుగెత్తే కుర్రాళ్లు కనబడతారు. వీరంతా సైన్యంలో చేరాలని ఆశించేవారే. టెక్కలి, పలాస, ఉద్దానం ప్రాంతాలలో సైన్యంలో ఎవరూ లేని ఊరు అరుదు. ఎంపికలో 1.6 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఐదున్నర నిమిషాలలోపు ముగించినవారికి పూర్తి మార్కులు. ఆ ఐదున్నర నిమిషాల కోసం ఈ పిల్లలు రెండేళ్లు, మూడేళ్లు తారురోడ్డు మీద కాళ్లు అరగదీసుకుంటారు. మా సంఘపు యౌవనస్థులు ఏడుగురు ఆ గుంపులో ఉన్నారు.

నలభై నాలుగవ ఏట రక్తపరీక్షలో చక్కెర హద్దు దాటుతున్నదని తేలింది. డాక్టరుగారు నడవమన్నారు. మేము పరుగెత్తాము. పిల్లలతో కలిసి తిరిగితే వారు ఆదివారం ఆరాధనకు తప్పకుండా వస్తారన్న ఆలోచన ఒకటి ఉండెను. ఇంకా పరుగెత్తగలమని చూపించాలన్న గర్వం మరొకటి ఉండెను. రెండవదే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము. మొదటి వారం ఒక కిలోమీటరు, మూడవ వారానికి నాలుగు. కాళ్లకు మా పెద్ద కుమారుడు వదిలేసిన కాన్వాసు బూట్లు. వాటి అడుగు అరిగి నేల గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. ఎవరైనా బూట్ల మాట ఎత్తితే అబేబె బికిలా పేరు చెప్పేవాళ్లము. 1960లో రోము ఒలింపిక్సులో వట్టికాళ్లతో మారథాన్ గెలిచిన ఇతియోపియా దేశస్థుడు. మా ప్రసంగాలలో అతణ్ణి చాలాసార్లు వాడుకున్నాము. అదే మనిషి 1964లో టోక్యోలో బూట్లు వేసుకొని గెలిచాడన్న మాట మాత్రం ప్రసంగంలో ఎన్నడూ చెప్పలేదు.

రెండవ నెలలో నొప్పి మొదలైంది. ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్లుండేది. పది, ఇరవై అడుగులకు తగ్గేది. పరుగు మొదలుపెడితే ఇంకా తగ్గేది. అందుచేత పరుగే మందు అనుకున్నాము. మధ్యాహ్నం కూర్చొని లేచేసరికి మళ్లీ మేకు. ఆదివారం ఒంటికాలి మీద బరువు వేసి ప్రసంగించడం చూచి అమ్మగారు ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాము. తరువాత మందుల షాపుకు వెళ్లి నొప్పికి మాత్రలు అడిగాము. డైక్లోఫెనాక్ ఇచ్చారు. చీటీ అడగలేదు, మేము చూపలేదు. పరుగుకు ముందు ఒకటి, రాత్రి ఒకటి. నొప్పి నోరు మూసుకుంది.

ఆ గుంపులో ఒక కుర్రవాడున్నాడు. తండ్రి ఉప్పు మడులలో కూలి. తల్లిది ఉద్దానం. ఆమె అన్నగారు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషి. ఈ కుర్రవాడు ఒకరోజు కుంటుతూ వచ్చి, "అయ్యగారండీ, పాదం మీద నొప్పెడతన్నాది. మీరు ఏసుకునే మాత్ర ఏటండి?" అని అడిగాడు. జేబులోని స్ట్రిప్పు నుండి నాలుగు మాత్రలు విరిచి ఇచ్చాము. భుజం తట్టి పంపించాము. ప్రార్థన కూడా చేశాము.

ఆ నాలుగూ అయ్యాక అతడు సొంతంగా కొనుక్కున్నాడు. మూడు వారాలు అలాగే పరుగెత్తాడు. ఒక ఉదయం సగం దారిలో ఉప్పు మడి గట్టు మీద కూలబడ్డాడు. బండి మీద టెక్కలికి ఎముకల డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లాము.

డాక్టరుగారు పాదమంతా తడమలేదు. రెండవ వేలి వెనుక ఎముక మీద ఒక్కచోట బొటనవేలితో నొక్కారు. కుర్రవాడు కేక వేశాడు. ఎక్స్‌రేలో ఆ ఎముక మీద సన్నని గీత, దాని చుట్టూ కొత్త ఎముక మబ్బులాగా కనబడ్డాయి. ఎక్కడా పడకుండానే, దెబ్బ తగలకుండానే, అడుగు మీద అడుగు పడి పడి వచ్చిన చీలిక. మొదటి రెండు వారాలలో ఎక్స్‌రే తీసి ఉంటే ఏమీ కనబడకపోవచ్చు, చాలామంది అప్పుడే మోసపోతారని చెప్పారు. ఈ జబ్బును ముందుగా గుర్తించింది సైనికులలోనే. ఎక్స్‌రేలు 1895లో వచ్చాయి. వాటికి నలభై ఏళ్ల ముందే, 1855లో, ప్రష్యా సైన్యపు వైద్యుడు బ్రైట్‌హౌప్ట్ కవాతు చేసే సైనికుల పాదాలు వాచిపోవడం గురించి వ్రాశాడట. సైన్యంలో చేరకముందే మా వాడికి సైనికుల జబ్బు వచ్చింది.

తరువాత డాక్టరుగారు అడిగారు: "ఇన్నాళ్లు ఈ కాలితో ఎలా పరుగెత్తావు? ఏం మాత్రలు వేశావు?"

కుర్రవాడు మా వైపు చూచాడు. చెప్పలేదు. మేమే చెప్పాము.

ఆయన కోపపడలేదు. మీ అమ్మగారి ఊరేదని మాత్రం అడిగారు. ఊరి పేరు వినగానే కలం క్రింద పెట్టారు. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో మూలకారణం ఇంకా తేలలేదు. కాని ఈ నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయన్నది తేలిన సంగతే. చెమట కారి ఒంట్లో నీరు తగ్గిన మనిషి, పరుగెత్తే మనిషి, రోజూ వేసుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. నొప్పి లేదు కాబట్టి విరిగిన ఎముక మీద పరుగెత్తాడు, అది ఒకటి. లోపల ఏం జరిగిందో చూడాలి, అది రెండవది అన్నారు. ఇద్దరికీ రక్తం తీయించారు.

మన ప్రాంతంలో అక్షరం రాని ముసలమ్మకు కూడా క్రియాటినిన్ అన్న మాట తెలుసు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాలలో మేము ఎన్ని సమాధుల దగ్గర నిలబడ్డామో దేవునికి తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచినప్పుడు ఆదివారం కృతజ్ఞతా ప్రార్థన చేయించింది మేమే. ఆ నోటితోనే "ఇదిగో, వేసుకో నాయనా" అన్నాము. ఫలితం మరునాడు వస్తుందన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. కుర్రవాడి తల్లి మా ఇంటి అరుగు మీద కూర్చొని ఒక్క మాట అన్నది: "మీరిచ్చినారు గదా అని నాను కూడా ఏటీ అన్లేదు బాబూ." నిందించడానికి అన్న మాట కాదు. నింద అయితే మోయగలిగి ఉందుము.

కుర్రవాడిది 0.9 వచ్చింది. మాది 1.3, హద్దు అంచున. మాత్రలు పూర్తిగా మాని, నీళ్లు త్రాగి, మూడు నెలలకు మళ్లీ చేయించుకోమన్నారు. అప్పుడు 1.1 వచ్చింది. దేవునికి స్తోత్రము.

మా మడమ సంగతి చిన్నది. మడమ ఎముక నుండి వేళ్ల వరకు పాదం క్రింద ఒక దళసరి పట్టీ ఉంటుందట. అది లాగుకొని పుండైనట్లయింది. మడమను రెండు ప్రక్కల నుండి పిండి చూచి, ఎముక విరగలేదని డాక్టరుగారు నమ్మకంగా చెప్పారు. సిమెంటు నేల మీద వట్టికాళ్లతో తిరగవద్దన్నారు. గోడకు చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం, మంచం దిగకముందే వేళ్లను పైకి లాగి పట్టుకోవడం, గడ్డకట్టించిన నీళ్ల సీసాను పాదం క్రింద దొర్లించడం. నెలలు పడుతుందన్నారు, పట్టింది. ఏడు నెలలు.

ఈ సంగతి సంఘంలో ప్రకటనల వేళ లేచి చెప్పాము. అంత అవసరమా అని ఒక పెద్ద అన్నారు. ఇంకొకరు ఆసా రాజు కథ గుర్తుచేశారు. పాదాలలో జబ్బు చేసినప్పుడు ఆయన దేవుణ్ణి విడిచి వైద్యులను ఆశ్రయించాడు గదా, మీరేమో డాక్టరు దగ్గరకు వెళ్లమంటున్నారేమి అన్నారు. ఆసా దేవుణ్ణి అడగలేదు గాని వైద్యుణ్ణయినా అడిగాడు. మేము ఇద్దరినీ అడగలేదు, మందుల షాపును అడిగాము. ఈ జవాబు ఆయనకు నచ్చినట్లు లేదు.

ఆ వారంలో ఐదుగురు మా ఇంటికి వచ్చారు. చీర చెంగుల్లోంచి, చొక్కా జేబుల్లోంచి స్ట్రిప్పులు తీసి చూపించారు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్లి రోజంతా కూర్చునే ఇద్దరు అక్కలు, మిగతా ముగ్గురు ఉప్పు మడుల వారు. అందులో ఒక ముసలమ్మ తన పాదాలు చూపింది. ఉప్పునీటిలో నాని పగిలి, పగుళ్లలో ఉప్పు దిగి ఉన్నాయి. మా కొత్త బూట్ల వైపు ఒకసారి చూచి, "ఇయి మానీమంటన్నారు. మానేత్తే రేపు మడిలోకి ఎలా దిగాల బాబూ?" అని అడిగింది. కుర్రవాడికి, మాకు పని మాని కూర్చోమని చెప్పగలిగారు. ఆమెకు ఆ మాట ఎవరు చెప్పగలరు? ఆమెను టెక్కలి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. రక్తపరీక్ష చేయించాము. యౌవనస్థుల కానుకతో మోకాళ్ల వరకు వచ్చే రబ్బరు బూట్లు కొని ఇచ్చాము. వారం వేసుకున్నది. ఎండకు లోపల కాళ్లు ఉడికిపోతున్నాయని విప్పేసింది. మాత్రలు మానిందో లేదో అడిగితే నవ్వుతుంది.

కుర్రవాడు ఎనిమిది వారాలు పరుగు మానాడు. ఆ మధ్యలోనే సైన్యపు ర్యాలీ జరిగిపోయింది. మిగతా ఆరుగురూ వెళ్లారు, ఇద్దరు ఎంపికయ్యారు. వారిని స్టేషనులో రైలెక్కించడానికి అతడు కూడా వచ్చాడు, కుంటకుండా నడిచి. వచ్చే ర్యాలీ నాటికి అతని వయస్సు సరిపోతుందా అని ఇద్దరం క్యాలెండరు ముందు కూర్చొని లెక్క వేశాము. నాలుగు నెలలు మిగులుతాయి. ఇప్పుడు వారంలో నాలుగు రోజులే పరుగెత్తుతున్నాడు, తారు మీద గాక రోడ్డు ప్రక్క మట్టిలో. సమయం చూచేది మేమే, మైలురాయి మీద కూర్చొని. నిన్న ఐదు నిమిషాల యాభై రెండు సెకన్లు. ఆగిన తరువాత బూటు విప్పి, రెండవ వేలి వెనుక తానే నొక్కి చూచుకొని, మా వైపు తల ఊపాడు.