పాత కారు పోయింది, పేరు మిగిలింది

2022 దసరాకి ముందు మేం కారు మార్చక తప్పలేదు. నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకుని లేచిన మనిషిని మా పాత చిన్న కారులో మోకాళ్లు ముడిచి కూర్చోబెట్టి ఇంటికి తేవడం కష్టంగా ఉండేది. ఆ కారు నా పేరు మీదే ఉంది. నేను ఖమ్మంలో సర్కారు బడి టీచర్ని. కొత్త కారుకి లోన్ నా జీతం మీదే రావాలి కాబట్టి అదీ నా పేరు మీదే తీసుకోవాలి.

షోరూమ్‌కి వెళ్లగానే సేల్స్ అబ్బాయి మంచినీళ్లు, టీ ఇచ్చి, క్యాలిక్యులేటర్ మీద టకటకా నొక్కి కింద ఒకే అంకె రాశాడు. ‘అన్నీ కలిపి ఇదే మేడం, ఆన్ రోడ్. మీ పాత కారు పోను ఇంత కట్టండి, తాళం తీసుకెళ్లండి’ అన్నాడు. ఏ లెక్కకి ఆ లెక్క విడిగా రాసి, స్టాంపు వేసి ఇవ్వమన్నాను. మొహం కొంచెం మారింది గానీ రాసిచ్చాడు. ఎక్స్ షోరూమ్ ధర 6,90,000. లైఫ్ ట్యాక్స్ 14 శాతం, 96,600. ఇన్సూరెన్స్ 37,900. హ్యాండ్లింగ్ చార్జీలు 7,500. ‘ఎసెన్షియల్ కిట్’ 18,500. మా పాత కారుకి 1,40,000, ఎక్స్ఛేంజ్ బోనస్ 20,000 తగ్గింపు.

కిట్ అంటే ఏమిటని అడిగితే కాళ్ల కింద మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీట్ కవర్లు, ఒక పర్ఫ్యూమ్ డబ్బా. ‘ఇవన్నీ కార్లకి బిగించే వచ్చాయి మేడం, తీయడం కుదరదు’ అన్నాడు. కారు చూపించమంటే స్టాక్‌యార్డ్‌లో ఉందన్నాడు. చూడని కారుకి బిగించిన కవర్ల డబ్బు నేనెందుకు కట్టాలన్నాను. హ్యాండ్లింగ్ చార్జీలూ కట్టనన్నాను. డీలరుకి రావాల్సింది ఎక్స్ షోరూమ్ ధరలోనే ఉంటుంది. యార్డ్ నుంచి షోరూమ్‌కి కారు తెచ్చిన ఖర్చు కొనేవాళ్ల నెత్తిన వేయకూడదని రవాణా శాఖ అధికారులు చెబుతూనే ఉన్నారు. ఆ అబ్బాయి మేనేజర్ గదిలోకి వెళ్లొచ్చి, ‘సార్ ఒప్పుకున్నారు, రెండూ తీసేశాం’ అన్నాడు. కొత్త కాగితం చూస్తే హ్యాండ్లింగ్ లేదు, కిట్ లేదు. కానీ 1,40,000 ఉన్న మా పాత కారు 1,14,000 అయింది. తీసేసిన 26,000 అటు నుంచి లాగేశారు.

షోరూమ్ వ్యాపారమంతా నాకు అక్కడే తెలిసిపోయింది. మనం ఒక కారు కొంటున్నాం అనుకుంటాం. వాళ్లు మనతో నాలుగు బేరాలు ఆడుతుంటారు: కొత్త కారు, అప్పు, ఇన్సూరెన్స్, పాత కారు. నాలుగూ ఒకే అంకెలో కలిపితే ఒకచోట తగ్గించింది ఇంకోచోట రాబట్టుకోవచ్చు. నాలుగు కాగితాల మీద విడివిడిగా ఉంటే ఆ వీలుండదు. బయట ఇద్దరు పాత కార్ల వాళ్ల దగ్గర ధర కట్టించుకుని వచ్చి చెబితే మళ్లీ 1,40,000కి దిగొచ్చారు.

అప్పు దగ్గర ఇంకో తమాషా. ‘మీ బ్యాంకు ఎనిమిదిన్నర శాతం అంటుంది మేడం, మా ఫైనాన్స్ ఐదున్నరే’ అన్నాడు. ఐదు లక్షలకి ఐదేళ్లు, నెలకి 10,625. నా జీతం పడే బ్యాంకులో అదే ఐదు లక్షలకి ఎనిమిదిన్నర శాతం మీద నెలకి 10,258. తక్కువ వడ్డీకి ఎక్కువ ఈఎంఐ ఎలా వస్తుంది? ఐదున్నర అన్నది ఫ్లాట్ రేటు. ఐదేళ్లూ మొత్తం అప్పు మీదే వడ్డీ వేస్తారు, కట్టిన అసలు తగ్గించరు. బ్యాంకు లెక్కలోకి మారిస్తే అది 10 శాతం. తేడా నెలకి 367 రూపాయలు, ఐదేళ్లకి 22,020. బ్యాంకులోనే తీసుకున్నాను. 2024 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, ఇలాంటి లోన్లు ఇచ్చేటప్పుడు అన్ని చార్జీలూ కలిపిన అసలు ఏడాది రేటుతో ఒక కాగితం ఇచ్చి తీరాలి. దాన్ని కేఎఫ్‌ఎస్ అంటారు. అది అడిగితే ఫ్లాట్ రేటు గుట్టు బయటపడుతుంది.

ఇన్సూరెన్స్ మా దగ్గరే చేయాలి, లేకపోతే క్యాష్‌లెస్ ఉండదని బెదిరించారు. ఏ కంపెనీ పాలసీ అయినా కొనేవాళ్ల ఇష్టమని, డీలరు బలవంతం చేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లోనే చెప్పింది. మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం ఎక్కడైనా ఒకటే, మా సైజు కారుకి అప్పుడు 10,640. తేడా అంతా ఓన్ డ్యామేజీలోనే. పాత కారుకి ఏళ్ల తరబడి క్లెయిమ్ చేయలేదు కాబట్టి నాకు 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది. అది మనిషికి వచ్చే బోనస్, కారుతో పోదు. కొత్త కారు పాలసీకి తెచ్చుకోవచ్చు. షోరూమ్ వాళ్లు ఆ మాటే ఎత్తలేదు. బయట చేయిస్తే అంతా కలిపి 25,500 అయింది.

బోనస్ మార్చడానికి బీమా కంపెనీ ఒక కాగితం అడిగింది. పాత కారు ఇచ్చేసినట్టు రుజువు. నన్ను తర్వాత కాపాడింది ఆ కాగితమే.

డెలివరీ రోజు పాత కారు తాళాలు, ఆర్‌సీ అడిగారు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టమన్నారు. కొనేవాళ్ల పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. షోరూమ్ పేరు రాయమన్నాను. ‘మా పేరు మీద మార్చుకోం మేడం. పార్టీ దొరికాక వాళ్ల పేరు రాస్తాం. అందరికీ ఇదే పద్ధతి’ అన్నాడు మేనేజర్. అయితే కారు ముట్టినట్టు లెటర్‌హెడ్ మీద రాసిస్తేనే ఆర్‌సీ ఇస్తానన్నాను. బీమా వాళ్లు అడిగారని చెప్పేసరికి కాదనలేకపోయాడు. కారు నంబరు, ఛాసిస్ నంబరు, తీసుకున్న తేదీ, సాయంత్రం 4.40, మీటరు రీడింగు 61,212 కిలోమీటర్లు. కింద మేనేజర్ సంతకం, ఊదారంగు రబ్బరు స్టాంపు. స్టాంపు సగం పడితే మళ్లీ వేయించుకున్నాను.

ఆ రోజే ఇంకో రెండు మార్పులు వచ్చాయి. కొటేషన్‌లో 14 శాతం ఉన్న లైఫ్ ట్యాక్స్ బిల్లులో 16 అయింది. పాత కారు ఇంకా నా పేరు మీదే ఉంది కాబట్టి ఇది రెండో బండి కింద లెక్క, 2 శాతం అదనం, 13,800 రూపాయలు. ఎక్స్ఛేంజ్ బోనస్ 20,000 కూడా బిల్లులో తగ్గించలేదు. పాత ఆర్‌సీ మారిన కాపీ పెడితేనే కంపెనీ ఇస్తుందట. ‘నెలలో మీ అకౌంట్లో పడుతుంది మేడం’ అన్నారు. మర్నాడు పొద్దున్నే నాన్నకి డయాలసిస్. బ్యాంకు చెక్కు అప్పటికే షోరూమ్ ఖాతాలోకి వెళ్లిపోయింది. పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, ఫొటో తీసి పంపించారు.

నెల గడిచింది, బోనస్ రాలేదు. ఫోన్ చేస్తే ‘ప్రాసెస్‌లో ఉంది మేడం’. ఇంకోసారి చేస్తే ఆ అబ్బాయి మానేశాడన్నారు. ఆ తర్వాత నా ఫోన్‌కి చలాన్లు రావడం మొదలైంది. నేను బడిలో ఆరో తరగతికి లెక్కలు చెబుతున్న టైముకి నా పాత కారు ఎక్కడో హైవే మీద ఓవర్‌స్పీడ్. ఫొటోలో నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది. వెనక అద్దానికి నల్ల ఫిల్మ్ అంటించారు. షోరూమ్‌కి వెళ్లి చూపిస్తే, ‘బ్రోకర్‌కి ఇచ్చాం, ఆయన ఎవరికో ఇచ్చాడు, కట్టేయమని చెబుతాం’ అన్నారు. ఆర్‌సీ మార్చమని రాతపూర్వకంగా ఇచ్చి, నా కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. అదీ దాచాను.

2024లో నాకు సూర్యాపేట కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మోటారు ప్రమాదాల నష్టపరిహారం కేసు. మొదటి ప్రతివాది కారు నడిపినవాడు, రెండో ప్రతివాది కారు యజమాని. యజమాని అంటే నేను. తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముకునే ఆయన్ని ఆ కారు గుద్దింది. నేను కట్టిన ఇన్సూరెన్స్ గడువు అప్పటికి ఎప్పుడో తీరిపోయింది. చేతులు మారినవాళ్లెవరూ మళ్లీ చేయించలేదు. ఇన్సూరెన్స్ లేని కారు కాబట్టి పరిహారం ఏ కంపెనీ కట్టదు. నాన్నకి కనపడకుండా ఆ కవరు దాచి, రాత్రి మా ఆయనకి చూపించాను. నిద్ర లేదు. ఉద్యోగం ఏమవుతుందో, జీతం అటాచ్ చేస్తారేమోనని భయం.

వకీలు గారు మెత్తగా చెప్పలేదు. ‘కారు మీ దగ్గర లేకపోవచ్చమ్మా. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం ముందు వాళ్లే యజమాని’ అన్నారు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో ఇదే తేల్చింది. అక్కడా కారు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లింది, ఇన్సూరెన్స్ లేదు, రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి ఆయన పేరు మీదే ఉండిపోయింది. బాధ్యత ఆయనదే అన్నారు. గాయపడ్డవాడు కారు ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగకూడదన్నది అందులోని న్యాయం. నా మీద పడింది కాబట్టి బాధగానే ఉంది గానీ, ఆ న్యాయాన్ని తప్పనలేను. కోర్టు వరండాలో ఆ కూరగాయలు అమ్ముకునే ఆయన్ని చూశాను. కాలిలో రాడ్డు వేశారు, ఊతకర్ర గోడకి ఆనించి బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన భార్య ఆస్పత్రి బిల్లులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఉంది. ‘మీ కారేనామ్మా?’ అని అడిగింది. అవునని అనలేను, కాదనీ అనలేను.

షోరూమ్ వాళ్లు మొదట అసలు ఆ కారే మాకు తెలియదన్నారు. మా వకీలు స్టాంపు వేసిన డెలివరీ కాగితం, ఆర్‌సీ మార్చమని నేనిచ్చిన అర్జీ కాపీ కోర్టులో దాఖలు చేసి, షోరూమ్‌నీ, కారు చేతిలో ఉన్న మనిషినీ కేసులో చేర్పించారు. ఆ తర్వాత మేనేజర్ నా ఫోన్ ఎత్తడం మొదలుపెట్టాడు. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ కుదిరింది. కారు వాడుకుంటున్నతను ఎక్కువ భాగం, షోరూమ్ కొంత, నేను కొంత కట్టాం. రాజీకి ముందే కారు రిజిస్ట్రేషన్ అతని పేరు మీదకి మార్పించాలని షరతు పెట్టాను. మార్చారు. ఎక్స్ఛేంజ్ బోనస్ మాత్రం ‘స్కీమ్ గడువు దాటిపోయింది’ అని ఎగ్గొట్టారు. అదనంగా కట్టిన ట్యాక్సు కూడా తిరిగి రాలేదు.

కారు కొనబోయేవాళ్లకి నేను చెప్పేది ఇది. పండగ ఆఫర్ ఇవాళ్టితో ఆఖరు అనే మాట నమ్మి తొందరపడొద్దు. నాలుగు బేరాలూ నాలుగు కాగితాల మీద తీసుకోండి. మీకు కేటాయించిన కారుని డబ్బు మొత్తం కట్టకముందే కళ్లతో చూసి, ఛాసిస్ నంబరు ఇన్‌వాయిస్‌తో పోల్చుకోండి. తయారైన నెల, సంవత్సరం అడగండి. బోనస్ ఇస్తామంటే బిల్లులోనే తగ్గించమనండి. అనవసర చార్జీలు గుంజితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వినకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. మీరుంటున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు, చెల్లించిన మొత్తం ఐదు లక్షల్లోపైతే ఫీజు కూడా లేదు.

పాత కారు ఇచ్చేస్తుంటే ఇంకా జాగ్రత్త. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధనలు మారాయి. పాత బండ్లు కొని అమ్మే డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. బండి అతనికి ఇచ్చినట్టు ఫారం 29సీలో తెలియజేస్తే అప్పటి నుంచి బాధ్యత ఆ డీలరుదే. మా లావాదేవీ నాటికి ఈ రక్షణ లేదు, మీకు ఉంది. ఆ పత్రం ఉందా అని ముందే అడగండి. లేదంటే పాత కారు మీరే నేరుగా అమ్ముకోండి. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టొద్దు. తేదీ, టైము, మీటరు రీడింగుతో స్టాంపు కాగితం తీసుకోండి. అమ్మిన 14 రోజుల్లోపు రవాణా శాఖకి మీ వైపు నుంచి మీరే రాసి తెలియజేయండి. తర్వాత ఆన్‌లైన్‌లో ఆ నంబరు కొట్టి చూడండి. యజమాని పేరు మారిందని కళ్లారా చూసేదాకా పాత కారు అమ్మేశానని ఎవరితోనూ అనకండి.