శిబిరానికి పంపే ముందు

శీతాకాలపు సెలవులు సమీపించగానే మా సెక్టర్ 4 క్వార్టర్లలో బడి పిల్లలున్న ఇళ్లకు ఒక కాగితం వస్తుంది. స్కౌట్, గైడ్ శిబిరానికి పిల్లలను పంపేందుకు తల్లిదండ్రుల అంగీకార పత్రమది. దుప్పటి, పళ్లెం, గ్లాసు, టార్చిలైటు, తాడు అంటూ తేవలసిన వస్తువుల పట్టిక అందులో సవివరంగా ఉంటుంది. పిల్లల వెంట ఉండేదెవరన్నది మాత్రం 'స్వచ్ఛంద సేవకుల పర్యవేక్షణలో' అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. రెండేళ్ల క్రితం మా వీధి తల్లులు సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగిపోయారు.

శిబిరాలపై మాకు చిన్నచూపు లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుండి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడ స్థిరపడిన మావంటి కుటుంబాల పిల్లలకు తాతగారి ఊరు ఏడాదికొక రైలు ప్రయాణమే. చెరువు గట్టు, కట్టెల పొయ్యి, నక్షత్రాల కింద నిద్ర, ఇవన్నీ వారికి శిబిరంలోనే దొరికాయి. బేడెన్ పవెల్ 1907లో బ్రౌన్‌సీ దీవిలో ప్రారంభించిన ఆ పద్ధతి, 1950లో ఏర్పడిన భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ద్వారా మన బడులకు చేరింది. పచ్‌మఢీ వెళ్లి వచ్చిన పిల్లవాడు తన పక్క తానే సర్దుకోవడం మేము కళ్లారా చూశాము.

నిర్వాహకులతో జరిగిన సమావేశంలో తల్లులు అడిగినది ఒక్కటే: వెంట వచ్చే ప్రతి పెద్దమనిషికీ పోలీసు ధ్రువీకరణ ఉన్నదా? ఒక వృద్ధ సేవకుడు నొచ్చుకున్నారు. "జీతం భత్యం లేకుండా ఇన్నేళ్లు మీ పిల్లలను కంటికి రెప్పలా చూసుకున్నాను. ఇప్పుడు ఠాణా కాగితం తెమ్మంటారా అమ్మా?" అన్నారు. సభ నిశ్శబ్దమైపోయింది. చివరకు ఒక తల్లి లేచి, "మాస్టారూ, మీమీద మాకు గౌరవమే. మిమ్మల్ని అడగకుండా రేపు వచ్చే కొత్తవారిని ఎలా అడగగలమండీ?" అన్నది.

ఆ ప్రశ్న మాకు కొత్తగా తోచలేదు. బ్లాస్ట్ ఫర్నేసు వాయువులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ముప్పై ఏళ్ల సర్వీసున్న ఫోర్‌మన్ అయినా గ్యాసు పరీక్ష కాకుండా, పర్మిట్ చేతికి రాకుండా ఆ లైను దగ్గరకు పోడు. తన అనుభవాన్ని శంకించారని అలిగినవారిని మేమింతవరకు చూడలేదు.

చట్టం కూడా కొంత దూరం వచ్చింది. బాలలను లైంగిక నేరాలనుండి రక్షించే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమలులోకి వచ్చింది. నేరం జరిగినదని తెలిసీ చెప్పకపోవడం కూడా దానిక్రింద శిక్షార్హమే. 2020 మార్చిలో వచ్చిన నిబంధనల ప్రకారం పిల్లలతో నిత్య సంబంధమున్న సంస్థలు తమ సిబ్బందికి నిర్ణీత కాలానికొకసారి పోలీసు తనిఖీ జరిపించాలి. అయితే అక్కడున్న మాట 'సిబ్బంది', 'ఉద్యోగి'. జీతం లేని సేవకుని పేరు అందులో స్పష్టంగా లేదు. బ్రిటన్‌లో సేవకులకు ఇటువంటి తనిఖీ రుసుము లేకుండా చేస్తారు.

కాగితంతోనే పని తీరుతుందా అంటే, తీరదు. పోలీసు ధ్రువీకరణ పాత కేసులను చూపగలదు, రేపటి బుద్ధిని చూపలేదు. మన దేశంలో నమోదైన కేసులలో నూటికి తొంభైకి పైగా నిందితులు బిడ్డ ఎరిగినవారే. అమెరికా స్కౌటు సంస్థ అనర్హులైన సేవకుల వివరాలను దశాబ్దాలపాటు ఫైళ్లలో దాచింది, తల్లిదండ్రులకు చూపలేదు. 2020లో ఆ సంస్థ దివాలా రక్షణ కోరినప్పుడు వచ్చిన ఫిర్యాదులు 82,000కు పైమాటే. ఫైలు ఉండి ఏమి లాభం?

అందువల్ల మేము కాగితంకన్నా పద్ధతిని ఎక్కువ పట్టుబట్టాము. ఏ పెద్దవారూ ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండరాదు. బాలికల గుడారాల వద్ద రాత్రి ఇద్దరు స్త్రీలుండాలి. రోజుకొకసారి ఇంటికి ఫోను చేయనివ్వాలి. 1098 నంబరు పిల్లలకు కంఠస్థం కావాలి. నీటి దగ్గరకు దించే నిర్ణయం ఎవరిదో ముందే రాసి ఉండాలి. 2014 జూన్ 8న బియాస్ నదిలో, ఎగువ ఆనకట్టనుండి వదిలిన నీటికి 24 మంది హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు కొట్టుకుపోయారు. వారు ఎదిగిన పిల్లలు, మనవారు పదేళ్లవారు.

నిర్వాహకులు చాలావరకు ఒప్పుకున్నారు. పోలీసు ధ్రువీకరణకు దరఖాస్తులు పెట్టారు గాని శిబిరం నాటికి అన్నీ చేతికి రాలేదు. మాస్టారు ఆ ఫారం మడిచి జేబులో పెట్టుకొని మౌనంగా వెళ్లిపోయారు; మరునాడు నింపి పంపారు. మా వీధిలో రెండు కుటుంబాలు ఆ ఏడు పిల్లలను పంపలేదు. వారిని తప్పుపట్టడానికి మాకు నోరు రాలేదు. మేము మా చిన్నమ్మాయిని పంపాము. ఆ మూడు రాత్రులూ ఫోను తలగడ పక్కనే పెట్టుకొని పడుకున్నాము.