బీపీ అంకె వెనకున్న భయం

విశాఖ కూర్మన్నపాలెంలో మందుల షాపు నడుపుతూ నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఒకటుంది. గుండె జాగ్రత్తల విషయంలో మనిషిని వెనక్కి లాగేది తెలియనితనం కాదు, భయం. ఆ భయానికి బలమైన కారణాలే ఉన్నాయి.

స్టీల్ ప్లాంటు కాంట్రాక్టు కార్మికులు, పోర్టు కళాసీలు, ఆటోనగర్ మెకానిక్కులు నా షాపుకు వస్తుంటారు. ఉప్పు తగ్గించాలని, బీడీ మానాలని వీళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా డాక్టరు నెలకు ముప్పై బిళ్ళలు రాస్తే పది కోసిమ్మంటారు. అవి అయిపోయేసరికి తలనొప్పి తగ్గితే ఇక రారు. బీపీ నొప్పి పెట్టదు కాబట్టి పోయిందనుకుంటారు. ఛాతీ బరువెక్కితే గ్యాస్ బిళ్ళ అడుగుతారు.

ఓ ఉదయం నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన క్రేన్ ఆపరేటరు అరచేత్తో ఛాతీ రుద్దుకుంటూ, "గేస్ బిళ్ళలు రెండియ్యి బాబూ" అన్నాడు. బీపీ చూస్తానంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అంకె కాగితమ్మీద పడితే అన్‌ఫిట్ అంటారు బాబూ. క్రేన్ దించేస్తే ఓటీ పోద్ది. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్లుంది."

రాయనని మాటిచ్చాకే చెయ్యి చాపాడు. 170/100. ఫోన్ చేస్తే భార్య పరుగున వచ్చింది. "నువ్వు లేకపోతే ఆ పెళ్ళి ఎవరు చేస్తారు, లెగు" అని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈసీజీలో తేడా రాలేదు, మందు మాత్రం మొదలైంది. మానకుండా వాడాడు. తర్వాత అదుపులోకి వచ్చిన బీపీతోనే ఫిట్‌నెస్ తెచ్చుకుని మళ్లీ క్రేన్ ఎక్కాడు. పని పోతుందని దాచిన జబ్బుకు మందు వేసుకున్నాకే అతని పని నిలబడింది.

ఆడవాళ్ల భయాలు వేరు. భర్తకు పూటపూటా మాత్ర అందించే ఇల్లాలు తన ఆయాసాన్ని పని అలసటలో కలిపేస్తుంది. తనకు జబ్బని తేలితే ఇంటికి బరువవుతానన్నది ఆమె బెంగ. "ఆ ఇంట్లో గుండెజబ్బుందట" అన్న మాట బయటికొస్తే సంబంధాలు తప్పిపోతాయని తల్లిదండ్రుల దిగులు.

ఈ భయాల మధ్య పోయే కాలం చాలా విలువైనది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. పొగాకు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొట్ట, మానసిక ఒత్తిడి వంటి తొమ్మిది అంశాలే తొలి గుండెపోటు ముప్పులో దాదాపు 90 శాతానికి కారణమని అది తేల్చింది. దక్షిణాసియా వాళ్లకు తొలి పోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాల్లో అది దాదాపు 59 అని 2007లో మరో విశ్లేషణ చెప్పింది. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు నెత్తిమీదుండే వయసు అది.

అదే 2007లో శ్రీకాకుళంతో పాటు మరో రెండు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదవాడికి గుండె ఆపరేషన్ అందుబాటులోకి తెచ్చిన పథకమది. ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కానీ "వస్తే కార్డుంది కదా" అన్న ధీమా మాత్రం ప్రమాదం. స్టెంటు మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరుస్తుందే గానీ, ఈలోగా చచ్చిపోయిన గుండె కండరాన్ని బతికించలేదు.

ఈ ముప్పు మన ఒక్కరిదే కాదు. అమెరికాలోని లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ల) మీద 2008-2011 మధ్య పెద్ద అధ్యయనం జరిగింది. మగవాళ్లలో 80 శాతానికి, ఆడవాళ్లలో 71 శాతానికి గుండెజబ్బుకు దారితీసే పెద్ద కారణం కనీసం ఒకటి ఉందని తేలింది. అక్కడ ప్రొమోటోరా అనే ఆరోగ్య కార్యకర్తలు ఉంటారు. అదే పేటలో ఉంటూ, అదే భాష మాట్లాడుతూ, ఇంటింటికీ వెళ్లి కుటుంబాన్నంతా కూర్చోబెట్టి చెబుతారు. మనకూ ఆశా కార్యకర్తలున్నారు. ఆ ఆపరేటరును ఆసుపత్రికి కదిలించింది నా సలహా కాదు, భార్య మాట. అందుకే మనిషి ఒక్కడికే చెప్పడం కంటే ఇంటికి చెప్పడం మేలని నాకు గురి కుదిరింది.

స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం. వాటిని చల్లబరిచే నీళ్లను, వాటి వేడిని కంటికి రెప్పలా కనిపెట్టుకుని ఉంటారు. లోపం ముందే దొరికితే సంతోషిస్తారు, ఎందుకంటే దొరికినందువల్ల ఫర్నేసుకు జీతం కోత పడదు. మనిషికీ ఆ భరోసా కావాలి. పరీక్షలు షిఫ్ట్ మారే వేళల్లో, కూలి పోకుండా జరగాలి. బీపీ ఎక్కువని తేలినవాణ్ణి కొన్నాళ్లు తేలిక పనిలో ఉంచినా, రాబడి తగ్గకుండా చూసి, అదుపులోకి రాగానే పాత పనికి పంపాలి. నెల మందులు ఒకేసారి చేతికందాలి. ఇవి జరిగిన చోట జాగ్రత్త గురించి ఎవరినీ బతిమాలనక్కర్లేదు, చెయ్యి వాళ్లే చాపుతారు.