రాక్‌పోర్ట్ రేవులో ఎర్ర షెడ్డు

బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళందరి దగ్గరా చుట్టాలొస్తే చూపించే జాబితా ఒకటి ఉంటుంది. హార్వర్డ్, కేప్ కాడ్, ఓపికుంటే నయాగరా. బోస్టన్‌కి ఈశాన్యంగా నలభై మైళ్ళలో ఉన్న రాక్‌పోర్ట్ పేరు అందులో అరుదుగా వినిపిస్తుంది. నేను మాత్రం ఈసారి నాన్నగారిని ముందు అక్కడికే తీసుకెళ్ళాను.

అక్కడ బ్రాడ్లీ వార్ఫ్ అనే రేవుకట్ట మీద ఒక చెక్క షెడ్డు ఉంది. ఎర్ర రంగు, గోడకి వేలాడే రంగురంగుల లాబ్‌స్టర్ బెండ్లు. 1840ల్లో చేపలవాళ్ళ సరంజామా కోసం కట్టింది. అక్కడ యుద్ధాలు జరగలేదు, ప్రెసిడెంట్లూ పుట్టలేదు. తర్వాత ఊళ్ళోకి చిత్రకారులు వచ్చారు. లెస్టర్ హార్న్‌బీ అనే ఆయన, శిష్యులందరూ ఆ షెడ్డు బొమ్మే వేసుకొస్తుంటే చూసి చూసి దానికి 'మోటిఫ్ నంబర్ వన్' అని పేరు పెట్టారట. మన మాటల్లో, 'మళ్ళీ అదే పాటా!' అన్నమాట. 1933లో దాని నమూనా ఒకటి చేసి చికాగో ఊరేగింపుకి తీసుకెళ్తే బహుమతి కూడా వచ్చింది. 1945లో ఊరే దాన్ని కొనుక్కుని, సైన్యంలో పనిచేసిన తమ ఊరివాళ్ళకి అంకితం చేసింది.

1978 ఫిబ్రవరిలో వచ్చిన పెద్ద మంచు తుఫానులో ఆ షెడ్డు కూలిపోయింది. అదే ఏడాది అచ్చం పాతదానిలాగే మళ్ళీ కట్టారు. ఇప్పుడు మనం ఫోటోలు తీసుకునేది దీన్నే.

"అయితే ఇది డూప్లికేటా తాతయ్యా?" అంది మా అమ్మాయి.

నన్నడిగితే కాదంటాను. అన్నేళ్ళపాటు అంతమంది వేసిన బొమ్మలుండగా, ఎలా కట్టాలో ఎవరికీ సందేహం వచ్చి ఉండదు. నాన్నగారు మాత్రం వెంటనే జవాబు చెప్పలేదు. ఆయనది దివిసీమ. ఆ మంచు తుఫానుకి మూడు నెలలు కూడా ముందు కాదు, 1977 నవంబరు 19న, అక్కడ ఉప్పెన వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. ఇక్కడ పోయింది ఒక ఖాళీ షెడ్డు; రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టే ధైర్యం నాకు లేదు. నాన్నగారు అప్పుడు విజయవాడలో చదువుకుంటున్నారు. ఇంట్లోవాళ్ళు పక్కవాళ్ళ మేడెక్కి బతికారు. ఇల్లు మిగల్లేదు. తర్వాత వేరే చోట సిమెంటు ఇల్లు వచ్చింది, నేను ఎరిగింది అదే.

"మా ఇంటికి ఎవరూ బొమ్మ వెయ్యలేదు తల్లీ," అన్నారు కాసేపటికి.

మా అమ్మాయి స్కెచ్ బుక్కు ఆయన చేతికిచ్చింది. రేవుకట్ట మీద కూర్చుని గీయడం మొదలుపెట్టారు. తాటాకు కప్పు, వీధి అరుగు, ధాన్యం గాదె, వెనక గేదెల పాక. పెరటి తలుపు దగ్గర పెన్సిల్ ఆగిపోయింది. అది బావి వైపు ఉండేదా, పాక వైపా?

ఇక్కడ ఉదయం పదకొండు, అక్కడ రాత్రయినా పడుకునే వేళ కాదు. మచిలీపట్నంలో మా పెద్దత్తయ్యకి ఫోన్ చేశాం. "బావి వైపేరా, ఆమాత్రం గుర్తులేదా?" అని తమ్ముణ్ణి కోప్పడి, అరుగు పక్కన సన్నజాజి పందిరి వేశావా లేదా అని అడిగింది. వెయ్యలేదు. రబ్బరుతో అరుగు కాస్త చెరిపి, పందిరికి చోటు చేశారు.